ఎండ్రికాయ కుచ్చులు

ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆఫీసు మీటింగుల్లో నేను ఎడమ చెవికి మాత్రమే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాను. కొత్తగా చేరిన పిల్లలు అది స్టైల్ అనుకుంటున్నారు. ఒకమ్మాయి నన్ను చూసి తనూ ఒకటే పెట్టుకోవడం మొదలుపెట్టింది. మా అమ్మ నాకు చెవిపోటు ఏమోనని ప్రతి ఫోన్‌లోనూ గోరువెచ్చని నూనె చుక్కలు వేసుకోమంటుంది. మా టీమ్ లీడ్ మాత్రం రెండో చెవిని నేను ఇంటి పనుల కోసం ఖాళీగా ఉంచుకుంటానని నమ్ముతాడు (ఆయన నమ్మకానికి కారణం ఉంది, చెప్తాను). అసలు సంగతి ఏమిటంటే నా కుడి ఇయర్‌ఫోన్‌కి రబ్బరు లేదు. అది ఎక్కడుందో నాకు తెలుసు. వెళ్లి అడిగినా ఇవ్వరని కూడా తెలుసు.

ఆ రోజుల్లో అని మొదలుపెడితే నాకే నవ్వొస్తోంది, ఎందుకంటే అవి మరీ పాత రోజులేమీ కావు. మెట్రో అప్పటికే రాయదుర్గం దాకా వచ్చేసింది. వారంలో కొన్ని రోజులు రండి, మిగతా రోజులు ఇంట్లోంచే చేసుకోండి అని ఆఫీసులు చెబుతున్న కాలమే. కానీ అప్పటి నన్ను తలుచుకుంటే మాత్రం ఎవరిదో పెళ్లి ఫొటోలో చివరి వరసలో తల దించుకుని నిలబడ్డ అమ్మాయిని చూసినట్టు ఉంటుంది. నా ఉద్యోగం టెస్టింగ్. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి చెప్పాలి. వెతకడం బాగానే వచ్చు, చెప్పడమే రాదు. రోజూ పొద్దున పది గంటలకి ఒక కాల్ ఉండేది, అందులో ఒక్కొక్కరూ నిన్న ఏం చేశారో, ఇవాళ ఏం చేయబోతున్నారో రెండు ముక్కలు చెప్పాలి. ఆ రెండు ముక్కలు ముందురోజు సాయంత్రమే డైరీలో రాసుకుని, కొట్టేసి, మళ్లీ రాసుకుని, అద్దం ముందు చదువుకునేదాన్ని. తీరా నా వంతు వచ్చేసరికి మైకు మ్యూట్‌లోనే ఉంచి, అవే ముక్కలు చాట్‌లో టైపు చేసి ఊరుకునేదాన్ని. "చాట్‌లో పెట్టారు, ఓకే, నెక్స్ట్" అనేవాడు మా లీడ్. ఆయన్ని మేం 'క్విక్ గారు' అని పిలుచుకునేవాళ్లం. భీమవరం వైపు మనిషి, అందరినీ అండీ అనే పిలుస్తాడు. "ఒక్క క్విక్ కాల్ అండీ" అన్నాడంటే మధ్యాహ్నం భోజనం చల్లారిపోవలసిందే.

హఫీజ్‌పేట్‌లో రైల్వే స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక ఇంటి పైభాగంలో అద్దెకుండేదాన్ని. కింద ఇంటావిడ. ఆ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు లేని నాటి నుంచీ అక్కడే ఉన్న మనిషి. మొదటి రోజు నేను "ఆంటీ గారూ" అంటే, "ఆంటీ ఏంది, గారు ఏంది, రెండు కలిపి పిలుస్తవా? పెద్దమ్మ అను" అని తేల్చేసింది. అప్పటి నుంచీ పెద్దమ్మే. ఆవిడ ఏం మాట్లాడినా నేను తల ఊపేదాన్ని. "చాయ్ తాగుతవా?" ఊపు. "నీళ్లొచ్చినయా?" ఊపు. ఇలా ఊపీ ఊపీ ఒక శుక్రవారం పొద్దున పెద్ద చిక్కులో పడ్డాను.

ఆ మర్నాడు పెద్దమ్మ మనవరాలిని తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, వేసే వేడుక. ఒక్కగానొక్క కూతురికి తొలి కాన్పు, ఆడపిల్ల. వియ్యపురాలేమో డెకరేషన్ వాళ్ల దగ్గర పూల తొట్టెల అద్దెకు తెస్తానంది. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "నా మనుమరాలు కిరాయి తొట్టెల్ల పండాల్నా? నా లగ్గం చీరతోటి కుచ్చులు కుట్టి నేనే కడ్త" అని ఫోన్‌లో ప్రకటించేసింది. వియ్యపురాలు కూడా తక్కువది కాదు. "సరే వదినా, రేపు పగటీలి వచ్చి చూస్త, కాకుంటే వాళ్లకు అప్పుడే చెప్త" అంది. ఆ 'రేపు పగటీలి' అంటే ఈ శుక్రవారం మధ్యాహ్నమే. పెద్దమ్మ పంతం కొద్దీ ముందు పెళ్లి చీరను నిలువునా పొడుగు పట్టీలుగా కత్తిరించేసింది, తర్వాత కుచ్చులు ఎలా పెట్టాలా అని కూర్చుంది. చేత్తో టాకాలు వేసి దారం లాగితే, జారుడు బట్ట కావడంతో సగం దూరం వచ్చేసరికి దారం పటుక్కున తెగుతోంది. వెనక్కి వెళ్దామంటే చీర చీరగా లేదు. ముందుకు వెళ్దామంటే కుచ్చు లేదు.

నేను లాప్‌టాప్ పట్టుకుని పది గంటల కాల్‌కి సిద్ధమవుతుంటే కింద నుంచి కేక. "పిల్లా, జెర ఇట్లా రా! కంప్యూటర్ నడిపిస్తవ్ గద, గీ మిషన్ ఎందుకు నడ్వదో చూడు." లాప్‌టాప్‌తో సహా దిగాను. ముందు గదిలో ఆవిడ నల్లటి తొక్కుడు మిషన్ ఉంది. దాని పక్కన బిస్కెట్ల డబ్బా. అందులోంచి ఒక ఇనుప వస్తువు తీసి నా అరచేతిలో పెట్టింది. కుచ్చులు వాటంతట అవే పెట్టే అటాచ్‌మెంట్ అట. ఏనాడో ఆదివారం సంతలో ఫుట్‌పాత్ మీద కొన్నదట. కొన్న రోజు నుంచి ఒక్క కుచ్చు కూడా పెట్టలేదట. చుట్టూ చేతులు, కాళ్లు, మధ్యలో పళ్లున్న రేకు. "ఎండ్రికాయ" అంది పెద్దమ్మ అసహ్యంగా. మా వైపు పీత అంటాం. ఏదైనా అదే. నిజంగానే అది ఎవరి వేలు దొరుకుతుందా అన్నట్టు చూస్తోంది.

"కుట్టిస్తవా?" అంది పెద్దమ్మ. ఇంకేముంది, తల ఊపాను.

కుర్చీ మీద లాప్‌టాప్ పెట్టి, ఇయర్‌ఫోన్లు రెండు చెవుల్లోనూ పెట్టుకుని, కాల్‌లో చేరి, మ్యూట్ నొక్కి, చాట్‌లో నా రెండు ముక్కలూ ముందే పడేసి మిషన్ ముందు కూర్చున్నాను. క్విక్ గారు రాబోయే రిలీజు గురించి మొదలుపెట్టాడు. నేను చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ ఎండ్రికాయను చూడసాగాను. పెద్దమ్మ దాన్ని పాదం ఉండాల్సిన చోట సరిగ్గానే బిగించింది, కానీ దానికి చివర రెండు వేళ్లలాగా చీలిన ఒక చెయ్యి ఉంది, అది ఊరికే గాలిలో వేలాడుతోంది. ఇంత శ్రద్ధగా చేసిన వస్తువుకి ఎవరైనా పనిలేని చెయ్యి పెడతారా? సూది పైకీ కిందికీ వెళ్తోంది, దాన్ని బిగించే స్క్రూ కూడా దాంతోపాటే వెళ్తోంది. ఆ రెండు వేళ్ల మధ్య సందు సరిగ్గా ఆ స్క్రూ లావే ఉంది. అమ్మయ్యో! నా గుండె దడదడలాడింది. (నేను దాచుకుని చదివే అపరాధ పరిశోధన నవలల్లో హంతకుడి చెప్పు జాడ దొరికినప్పుడు కూడా ఇంత దడ రాలేదు.) ఆ చేతిని తీసి స్క్రూ మీద కూర్చోబెట్టి చక్రం తిప్పాను. టక్కు! పళ్ల రేకు ముందుకు దూకి వెనక్కి వచ్చింది. ఇన్నేళ్లూ డబ్బాలో పడుకున్న ఎండ్రికాయ లేచింది.

"ఓ! కదిలింది! నా చేతిల ఎన్నడన్న కదిలిందా ఇది?" అంది పెద్దమ్మ. పాత లంగా ముక్క ఒకటి తెచ్చి ఇచ్చింది. ఎండ్రికాయ మీదున్న చిన్న మీటను స్టార్ గుర్తు మీదకి జరిపి, ఆ ముక్కను రెండు రేకుల మధ్య దూర్చి తొక్కాను. టక్, టక్, ఠప్. ఆ ఠప్ ఏమిటంటే, చెయ్యి జారిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ జారింది. నేను ఉద్యోగంలో నేర్చుకున్నది ఒక్కటే, తప్పు ఎప్పుడు వస్తోందో పట్టుకుంటే ఎందుకు వస్తోందో అదే చెబుతుంది. చక్రాన్ని గోరంత గోరంత తిప్పుతూ చూశాను. సూది కిందికి వెళ్లేటప్పుడు జారడం లేదు, పైకి వచ్చి చివరికి చేరేటప్పుడే పక్కకి జారుతోంది. స్క్రూ తల మరీ చిన్నది. చెయ్యి పక్కకి ఒరిగితే దాన్ని ఆపడానికి అంచు లేదు. పెద్దమ్మ దారం చుట్టింది, నూనె తగిలి ఊడిపోయింది. జడ రబ్బరు చుట్టింది, తెగి ఎగిరి గోడ మీద క్యాలెండర్‌లో దేవుడికి తగిలింది. ఆవిడ లెంపలు వేసుకుంటూ గడియారం వంక చూసింది. "నా వియ్యపురాలు వచ్చే యాళ్ల అయితున్నది బిడ్డా" అంది. మొదటిసారి ఆవిడ గొంతు చిన్నగా వినబడింది. చేతిలో లగ్గం చీర పట్టీ ఒకటి పట్టుకుని మడతలు పెడుతూ, విప్పుతూ ఉంది.

నేను వంగి చూస్తుండగా కుడి చెవిలో ఇయర్‌ఫోన్ కాస్త జారింది. సర్దుకోబోయి ఆగిపోయాను. దాని చివర పుట్టగొడుగు గొడుగులాగా మెత్తటి రబ్బరు. మధ్యలో చిన్న బొక్క. చుట్టూ అంచు. అంచు! ఇయర్‌ఫోన్ చెవిలోంచి లాగి గట్టిగా పట్టుకుని రబ్బరు పీకాను. పీకేటప్పుడు దాని మీద బటన్ నొక్కుకున్నట్టుంది, రెండో చెవిలో 'టింగ్' అని ఒక శబ్దం వచ్చింది. ఛార్జింగ్ కాబోలు అనుకుని రెంటినీ తీసి వాటి ఛార్జింగ్ డబ్బాలో పడేశాను. (నా జీవితంలో అంత ఖరీదైన 'కాబోలు' ఇంకొకటి లేదు.) రబ్బరును స్క్రూ తలకి టోపీలా తొడిగితే బిగుతుగా పట్టింది. చెయ్యి కూర్చోబెట్టి, లంగా ముక్క దూర్చి, తొక్కాను. టక్ టక్ టక్ టక్. జారలేదు. ఇంకా వేగంగా తొక్కాను. జారలేదు!

అప్పుడు నేను అరిచాను. నేను అరవగలనని నాకే తెలియదు. "పెద్దమ్మా! పట్టింది! పట్టేసింది! స్క్రూ తల చిన్నదండీ, అంతే! ఇప్పుడెలా పారిపోతావే? రా! కొరుకు! ఇంకా గట్టిగా కొరుకు!"

లాప్‌టాప్‌లోంచి రిలీజు గురించిన మాట ఆగిపోయింది. ఆ 'టింగ్' మ్యూట్ పోయిన చప్పుడని, ఇయర్‌ఫోన్లు తీసేశాక మాట లాప్‌టాప్‌లోంచి పైకి వినిపిస్తోందని నాకు తెలిసిందే అప్పుడు.

"ఎవరండీ అది?" అన్నాడు క్విక్ గారు.

"క్లయింట్ సైడ్ ఎవరైనా జాయిన్ అయ్యారా అండీ?" అన్నాడు మళ్లీ భయంగా. "క్లయింట్ కాదన్నా, ఆడపిల్ల గొంతు, తెలుగు" అన్నాడు మా టీమ్‌లో ఇంకొకడు. సిద్దిపేట అబ్బాయి, క్యాంటీన్‌లో బగారా అన్నం ఉన్న రోజు ఎవరూ పిలవకుండానే ముందు వరసలో ఉంటాడు కాబట్టి బగారా అని పిలిచేవాళ్లం. "ఎవ్వరిని కొరకమంటున్నదో అడుగున్రి ఫస్ట్."

చేరి ఏడాది కావస్తోంది. రోజూ అదే కాల్‌లో ఉన్నాను. నా గొంతు అక్కడ ఒక్కరికీ తెలియదు. ఇది తలుచుకుని రాత్రి డైరీలో ఏడవాలా నవ్వాలా అని ఆలోచించే టైము కూడా లేదు, ఎందుకంటే ఈలోగా పెద్దమ్మ లాప్‌టాప్ మీదకి వంగిపోయింది. "ఎవరయ్యా గీ పెట్టెల? పిల్ల పనిల ఉన్నది. జెర ఆగుండ్రి."

"నమస్కారమండీ" అన్నాడు క్విక్ గారు అలవాటుకొద్దీ. "తమరు?"

"నేను ఇంటి ఓనర్‌ను. రేపు మా తొట్టెల ఫంక్షన్. కుచ్చులు పడ్తలేవు."

నేను మ్యూట్ నొక్కుదామని చెయ్యి చాచాను. ఒట్టు, చాచాను. కానీ అప్పుడే నా కంట లంగా ముక్క పడింది. కుట్టు పడింది, చెయ్యి జారలేదు, ఎండ్రికాయ కదులుతోంది, అయినా ఒక్క కుచ్చు కూడా పడలేదు! బట్ట చదునుగా, ఇస్త్రీ చేసినట్టు బయటికి వచ్చింది. చేతిని వెనక్కి తీసుకుని లాప్‌టాప్ వంక చూడకుండానే అన్నాను. "అదేంటి? కదులుతోంది గానీ కొరకట్లేదు."

"సెట్టింగ్స్ ఏమున్నాయండీ దానికి?" అన్నాడు క్విక్ గారు. ఆయన గొంతులో రిలీజు నీరసం పోయి కొత్త ఉత్సాహం వచ్చింది. పైన ఒక చిన్న మీట ఉంది, దానికి ఒకటి, ఆరు, పన్నెండు, చివరగా ఒక స్టార్ గుర్తు ఉన్నాయని చెప్పాను. చెబుతున్నది నేనేనని నాకప్పటికి పట్టలేదు. "ఇప్పుడు దేనిమీద ఉంది?" "స్టార్ మీద అండీ. నేనే పెట్టాను." "కరెక్టే కదండీ, స్టార్ అంటే బెస్ట్ కదా, దాన్ని కదపకండి. ఇంకేదో ప్రాబ్లం." బగారా కూడా వెంటనే, "అవ్, స్టార్ తక్కువ జేస్తే మల్ల ఇంక తక్కువైతది" అన్నాడు. కాల్‌లో ఉన్న ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? భోజనం తెచ్చినతనికి స్టార్, కారు నడిపినతనికి స్టార్, ఏడాది చివర మాకూ స్టార్. నేను కూడా ఆ ఎండ్రికాయకి మొదట ఏ ఆలోచనా లేకుండా అన్నిటికన్నా మంచి రేటింగే ఇచ్చేశాను కదా.

"మోటర్ ఉందా అండీ? ఆఫ్ చేసి ఆన్ చేసి చూశారా?" అన్నాడు క్విక్ గారు. "నా కాళ్లే మోటరు. ఆఫ్ జేస్తే మల్ల ఆన్ గావు" అంది పెద్దమ్మ.

నేను మీట వంక చూస్తూ ఉండిపోయాను. ఒకటి. ఆరు. పన్నెండు. అంకెలు పెరుగుతున్నాయి. ఒకటి అంటే ఒక కుట్టుకి ఒక కుచ్చు, ఆరు అంటే ఆరు కుట్లకి ఒకటి, పన్నెండు అంటే పన్నెండుకి. అంటే అంకె పెరిగేకొద్దీ కుచ్చులు తగ్గుతున్నాయి. మరి ఆ వరసలో చివర, పన్నెండు తర్వాత ఉన్న స్టార్...

"కాదండీ" అన్నాను.

"ఏంటండీ?"

"మీరు చెప్పింది కాదండీ. స్టార్ అంటే బెస్ట్ కాదు. స్టార్ అంటే అసలేమీ చెయ్యకు, మామూలుగా కుట్టుకో అని." గబగబా అనేశాను, ఊపిరి కూడా తీసుకోలేదు. అంటూనే మీట లాగి ఆరు మీద పెట్టాను. లంగా ముక్క దూర్చాను. తొక్కాను. టక్ టక్ టక్ టక్ టక్... ఖచ్! ఎండ్రికాయ ముందుకు దూకి బట్టను ఒక్క కొరుకు కొరికి మడత పెట్టింది. మళ్లీ కొన్ని కుట్లు. మళ్లీ ఖచ్! రేకు వెనక నుంచి మడత మీద మడతగా, అప్పుడే విప్పిన విసనకర్రలాగా కుచ్చులు నడిచొస్తున్నాయి. పెద్దమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత ఆ చేత్తోనే నా వీపు మీద ఒకటి చరిచింది. "పడ్డయ్! పడ్డయ్ బిడ్డా!" అవతల ఎవరో చప్పట్లు కొట్టారు. బగారా ఈల వేశాడు. "వీడియో ఆన్ జెయ్యి, మేం సుత చూడాలె!" అన్నాడు. చేశాను! జుట్టు ముఖం మీద పడి, వేళ్లకి నూనె అంటి, నైటీ మీద చున్నీతో ఏడాదిలో మొదటిసారి మా టీమ్‌కి కనిపించాను. అంతకుముందు వీడియో ఆన్ చెయ్యాల్సి వస్తుందేమోనని మూడు చుడీదార్లు ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను, అవి అలాగే బీరువాలో ఉన్నాయి.

క్విక్ గారు మెల్లగా, "మీరు మన పేమెంట్ పేజీని కూడా ఇలాగే చూస్తున్నారా అండీ?" అన్నాడు. చూస్తున్నానన్నాను. అందులో వెనక్కి నొక్కితే రెండోసారి ఆర్డర్ పడుతోందని కూడా చెప్పాను. "అయ్యో, ఇన్నాళ్లూ చెప్పలేదేంటండీ?" అన్నాడు. "చాట్‌లో రాశానండీ." "ఎప్పుడూ?" "రోజూ అండీ." "సోమవారం నుంచి ముందు మీరే మాట్లాడండి" అన్నాడు. నేను తల ఊపాను. తర్వాత గుర్తొచ్చి, "సరేనండీ" అన్నాను, పైకి.

లగ్గం చీర పట్టీలు మాత్రం పెద్దమ్మే కుట్టింది. నేను పక్కన నిలబడి పట్టీని చివర పట్టుకుని అందించాను. మిషన్ మీద ఆవిడ కాళ్లు ఆడుతుంటే ఎరుపు మీద జరీ అంచు కొరుకు కొరుకుకీ మెరిసింది. చివరి పట్టీ తొట్టెల కర్రకి కట్టి ముడి వేస్తుండగా వియ్యపురాలు గుమ్మంలోకి వచ్చింది. చెప్పులు విప్పకుండానే చూపు తొట్టెల మీద పడింది. వచ్చి రెండు వేళ్లతో ఒక కుచ్చు పట్టుకుంది. పక్కది పట్టుకుంది. దాని పక్కది. తప్పు వెతకడం అంటే ఏమిటో నా వృత్తిలో కూడా నేనంతగా చూడలేదు. చివరికి, "అన్నీ ఒక్క తీరుగ ఉన్నయ్ వదినా. మనిషి కుట్టినట్టే లేదు" అంది. పెద్దమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "అవ్, మనిషి గాదు. ఎండ్రికాయ కుట్టింది, పై ఇంటి పిల్ల కుట్టించింది" అంది. వియ్యపురాలు ఫోన్ తీసి డెకరేషన్ వాళ్లకి వద్దని చెప్పేసింది. మర్నాడు తొట్టెలలో వేసిన పసిది అంత మంది పాడుతుంటే వినకుండా, చేతికందిన కుచ్చు ఒకటి గుప్పిట పట్టుకుని, విడిపిస్తే ఏడ్చి, చివరికి దాన్ని పట్టుకునే నిద్రపోయింది.

తర్వాత మా ఆఫీసు వేరే భవనంలోకి మారింది, నేను నార్సింగి వచ్చేశాను. ఇప్పుడు పది గంటల కాల్‌లో మొదట మాట్లాడేది నేనే. డైరీ ఇంకా రాస్తాను, కానీ రేపు చెప్పాల్సినవి కాదు, ఇవాళ చెప్పేసినవి రాస్తాను. ఆ శుక్రవారం నాటి పేజీ అప్పుడప్పుడూ తీసి చదువుకుంటాను. ఆఫీసు ఇచ్చిన ఇయర్‌ఫోన్‌కి రబ్బరు పోయిందని కంపెనీకి ఎలా చెప్పాలా అని భయపడి ఆ సాయంత్రం ఒక పేజీ నిండా రాసుకుంది అప్పటి ఆ అమ్మాయి. రెండు మాటలు చెప్పడానికి ఎన్ని చిత్తుప్రతులో! దగ్గరకి తీసుకుని తల నిమరాలనిపిస్తుంది. ఇంకో సైజు రబ్బర్లు డబ్బాలో అలాగే ఉన్నాయి. ఎందుకో పెట్టుకోబుద్ధి కాలేదు.

ఇల్లు ఖాళీ చేసిన రోజు సామాను ఆటో ఎక్కించాక, పెద్దమ్మకి చెప్పి వెళ్దామని ముందు గదిలోకి వెళ్లాను. మిషన్ మీద ఎండ్రికాయ అలాగే ఉంది, దాని చేతి పక్కన నా రబ్బరు టోపీ. దాని వంక చూసి నవ్వాను. తీసుకుంటాననుకుందేమో, పెద్దమ్మ వచ్చి మిషన్‌కి అడ్డంగా నిలబడింది.

"దాన్నైతే నేనియ్య బిడ్డా. నా బిడ్డకు ఇంకో కాన్పు అయితది, తొట్టెల కుట్టాలె, అప్పుడు నువ్వు రావాలె. అందాంక ఒక్క చెవితోనే ఇను."